బట్టమేకపక్షియు బీడునేలయు

నేను ముప్పదినాలుగేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. వ్యాకరణమును కావ్యములును నేను గురుముఖమున చదువుకొన్న చదువు. పక్షిశాస్త్రము నా విద్య కాదు. అయినను ఒక పక్షినిగూర్చి పదిమందిలో చెప్పవలసిన అప్పు నాకొకటి మిగిలియున్నది. అప్పు అని యేల యంటినో తుదకు మనవిచేసెదను.

మా యిల్లు విజయవాడలో బెంజ్ సర్కిల్‌నకు కూతవేటు దూరమున నున్నది. అచ్చట రెండు జాతీయరహదారులు కలియుచున్నవి. పైవంతెనల మీదను, వాని క్రిందను రేయింబవళ్లు బండ్లు పరుగిడుచునే యుండును. మా డాబామీద కాకియు పావురమును తప్ప వేరొక పక్షి వ్రాలుట అరుదు. ఇట్టిచోట పెరుగుచున్న నా మనుమడు మొన్న నొకనాడు బొమ్మలపుస్తకమును నా యెదుట విప్పి, “తాతయ్యా, దీనికి రెక్కలున్నాయి గాని ఎగరలేదట. మరి ఇది పక్షి ఎట్లా అయింది?” అని అడిగెను.

ఆ బొమ్మ కాసోవరి యను పక్షిది. న్యూగినీ దీవియందును, ఆస్ట్రేలియా ఖండమున ఈశాన్యభాగమైన క్వీన్స్‌లాండునందును గల వానయడవులు దాని నివాసము. అది నిలిచినచో మనుష్యుని యెత్తుండును. అందు పుంజుకంటె పెట్టయే పెద్దది. డెబ్బది కిలోల వరకు తూగును. నెత్తిమీద కొమ్మువంటి కిరీటము, నీలివన్నె మెడ, జుట్టువలె వ్రేలాడు నల్లని యీకలు దాని గురుతులు. కాలికి మూడే వ్రేళ్లు. లోపలివ్రేలి గోరు బాకువంటిది. పెట్ట గ్రుడ్లుపెట్టి తన దారిని తాను పోవును. పుంజే యించుమించు ఏబది దినములు పొదిగి, పిల్లలను నెలలతరబడి వెంట త్రిప్పుకొని సాకును. అది రాలినపండ్లను గింజతో కూడ మ్రింగి, దూరమున విసర్జించును. మన పిట్టలు తిన్న మర్రిపండ్ల గింజలు పాతగోడలలో మొలచుచుండుట మీరెరిగినదే. ఆ యడవిలో పెద్దగింజలు గల చెట్లెన్నియో ఈ పక్షి పొట్టలో పయనించియే క్రొత్తచోటులకు చేరుచున్నవి. పక్షి అడవిని తినుచున్నది. అడవిని నాటుచున్నది కూడ. అడవిని చీల్చి బాటలు వేసిన పిదప కార్ల క్రిందబడియు, కుక్కలవాత బడియు అది చచ్చుచున్నది. ఆస్ట్రేలియా ప్రభుత్వము దానిని అపాయస్థితిలోనున్న జాతులలో చేర్చి కాపాడుచున్నది.

ఇదంతయు చెప్పి, “నాయనా, ఎగురు పక్షికి ఈ చెట్టు పోయిన ఆ చెట్టు గలదు. నేలను నమ్మిన పక్షికి మాత్రము నేలయే దిక్కు. ఆ నేల పోయిన అన్నియు పోయినట్లే” అంటిని. వాడు విని, “మన దగ్గర అట్లాంటి పక్షి లేదా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

ఒకప్పుడు ఎగురలేని మహాపక్షి మన తెలుగునేల మీదనే తిరిగినది. ప్రకాశము జిల్లాలో నిప్పుకోడి గూడొకటి, పగిలిన గ్రుడ్డుపెంకులతో సహా, త్రవ్వకములలో బయల్పడినదని బరోడా విశ్వవిద్యాలయపు పురావస్తు శాస్త్రజ్ఞులు 2024లో తెలిపిరి. దాని వయస్సు ఇంచుమించు 41,000 ఏండ్లని నిర్ణయించిరి. నిప్పుకోడి నేడు ఆఫ్రికా ఖండపు పక్షి. మన దేశమున దాని పెంకులు మాత్రమే మిగిలినవి. అది మన తాతముత్తాతల యెరుకకు అందని కథ. కాని మన కన్నులయెదుట, మన తరములోనే జరిగిన కథ మరియొకటి కలదు. అది బట్టమేకపక్షి కథ.

బట్టమేకపక్షిని ఆంగ్లేయులు గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనిరి. కాసోవరివలె ఇది ఎగురలేనిది కాదు, ఎగురును. కాని ఎగురుటకంటె నడచుట దానికి ప్రియము. దీని కాలికిని మూడే వ్రేళ్లు, మూడును ముందువైపునకే యుండును. కాకికిని పావురమునకును కొమ్మను చుట్టి పట్టుకొనుటకు వెనుకవ్రేలు గలదు. బట్టమేకకు అది లేదు. కావున అంతటి రెక్కలున్నను అది జన్మమున ఒక్కనాడును చెట్టుకొమ్మమీద కూర్చుండలేదు. మేయుట, నిద్రించుట, గ్రుడ్డుపెట్టుట, పిల్లను పెంచుట, అన్నియు నేలమీదనే.

ఎత్తు ఇంచుమించు ఒక మీటరు. మగపక్షి పదునైదు కిలోల వరకు తూగును. ఆడుపక్షి అందు సగము. లోకమున ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవాటిలో ఇదియొకటి. నెత్తిన నల్లని టోపీవంటి యీకలు, తెల్లని పొడవాటి మెడ, ఎండుగడ్డివన్నె వీపు. మిడుతలు, చిమ్మెటలు, పేడపురుగులు, తొండలు, రేగుపండ్లు, కోతకోసిన చేలలో రాలిన వేరుసెనగకాయలు, గింజలు దాని యాహారము. మిడుతలను తిను పక్షి రైతునకు చుట్టమేగాని పగవాడు కాదు.

వానలు కురిసి గడ్డి పెరిగినపుడు మగపక్షి మెరకనేల నొకదానిని ఎంచుకొని నిలుచును. గొంతుక్రింద నుండు తిత్తిని గాలితో పూరించును. అది తెల్లని సంచివలె కాళ్లదాక వ్రేలాడును. తోకను వీపుమీదికి ఎత్తి విప్పి, లోతైన హుంకారము చేయును. ఆ ధ్వని అరకిలోమీటరు దూరము వినబడును. ఆడుపక్షి వచ్చి జతకూడి పోవును. అటుపిమ్మట మగపక్షికి సంసారభారము లేదు. ఈ విషయమున ఇది కాసోవరికి సరిగా విలోమము: అచ్చట తండ్రియే సర్వము, ఇచ్చట తల్లియే సర్వము.

గూడు అనునది లేదు. వట్టినేలమీద చిన్నపల్లమున ఆడుపక్షి సాధారణముగా ఏటికి ఒక్కటే గ్రుడ్డు పెట్టును. ఇరువదియేడు దినములు, కొంచెమెచ్చుతగ్గుగా, పొదుగును. పిల్ల పుట్టినవెంటనే నడచి తల్లివెంట తిరుగును. ఇంచుమించు మరుసటి యేటి దాక తల్లిని విడువదు. ఏటికొక్క గ్రుడ్డు అను మాటను పెద్దలు గుర్తుంచుకొనవలెను. కోడి యొక పొదుగునకు పది గ్రుడ్లుపెట్టును. రెండింటిని పిల్లి తిన్నను ఎనిమిది మిగులును. బట్టమేకకు ఆ యొక్కటి కుక్కవాత బడినచో ఆ యేడు పంట సున్న.

ఇక నేను చూచినది చెప్పెదను. 1991వ సంవత్సరమున వానకారు ముగియుచున్న దినములలో నందికొట్కూరు ప్రాంతమున నొక మిత్రుని యింటికి పోయితిని. ఆయనయు ఉపాధ్యాయుడే. రోళ్లపాడు అచ్చటికి సమీపము. కర్నూలు జిల్లాలో నుండి నేడు నంద్యాల జిల్లాలో చేరిన యా గ్రామము చెంత, ఈ పక్షికొరకై ప్రభుత్వమువారు 1988లో అభయారణ్యము నేర్పరచిరి. అరణ్యమని పేరేగాని అది అడవి కాదు. మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ రేగుపొదలు. చూచుటకు నాకు అచ్చట ఏమియు కనబడలేదు. డెల్టాలో పుట్టి వరిచేల పచ్చదనమునకు అలవడిన కన్నులకు అది వట్టి బీడు.

మమ్ము తీసికొనిపోయిన గొర్రెలకాపరి వృద్ధుడు. నేను మెడసాచి నాలుగుదిక్కులు చూచుచుండగా అతడు నా చేయిపట్టి లాగి, “అయ్యవారూ, నిలబడాకండి. కూకోండి. మనిషి ఎత్తు కనపడితే అది ఆగదు” అనెను. కూర్చుంటిమి. గొర్రెలు మా చుట్టును మేయుచుండెను. గడియసేపు గడచిన పిదప గడ్డిలోనుండి ఒక తెల్లనిమెడ లేచినది. రాజఠీవితో నాలుగడుగులు నడచి నిలిచినది. గొర్రెలను చూచి అది బెదరలేదు. గొర్రెలును దానిని లెక్కింపలేదు. పక్షి పేరులోనే మేక యున్నది. మేకలు గొర్రెలు మేయు నేలయే దానికిని పుట్టిల్లు. “మా తాతనాటినుంచి ఇది ఇక్కడనే ఉండాది” అని కాపరి చెప్పెను. ఆ మాటలో ఇంటిపెద్దనుగూర్చి చెప్పునపుడుండు గౌరవముండెను.

2014లో మరల ఆ ప్రాంతమునకు పోయితిని. నాటి కాపరి గతించెను. అతని కుమారుని కలిసి పక్షినిగూర్చి అడిగితిని. “కనపడి శానా దినాలాయ సార్. నేను చిన్నప్పుడు శానా చూసినా. నా పిల్లోళ్లు బొమ్మలోనే చూసినారు” అనెను. కొంతసేపాగి, “పక్షి పోయింది, జింకలు మిగిలినాయి. చేను మేస్తే ఎవర్నడగల్ల?” అనెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఇట్లేల జరిగినది? ఒక కారణమని చెప్పుటకు వీలులేదు. పూర్వము దొరలును జమీందారులును వేటాడి దీనిని విశేషముగా చంపిరి. ప్రఖ్యాత పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ దీనిని జాతీయపక్షిగా గ్రహింపుడని సూచించెను. 1963లో ఆ గౌరవము నెమలికి దక్కినది. 1969లో దేశమంతట ఇవి ఇంచుమించు 1,260 యున్నవని అంచనావేసిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దీనిని మొదటి పట్టికలో చేర్చి వేటను నిషేధించినది. అయినను 2008 నాటికి 300 అనిరి. నేడు రెండువందలకు లోపుగనే యున్నవి. వానిలో ఎక్కువభాగము రాజస్థానమున జైసల్మేరు ఎడారిలోనే. తుపాకి ఆగినను పక్షి తగ్గుచునే వచ్చినది. అనగా దానిని చంపినది తుపాకి యొక్కటే కాదు.

రోళ్లపాడునందు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఏండ్లతరబడి ఈ పక్షిని పరిశీలించిరి. తొలినాళ్లలో గ్రామస్థులు తోడ్పడిరి. కాని అభయారణ్యపు విస్తీర్ణము ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెము పైన మాత్రమే. పక్షి తిరుగు నేల అంతకు ఎన్నియో రెట్లు. కంచెలోపల గడ్డిలో గ్రుడ్డుపెట్టి, కంచెవెలుపల జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ చేలలో మేసెడిది. కాలక్రమమున ఆ ప్రాంతమునకు కాలువనీరు వచ్చినది. సమీపమున అలగనూరు జలాశయము ఏర్పడినది. మెట్టపైరులు తగ్గి క్రొత్తపైరులు వచ్చినవి. పురుగుమందులతో మిడుతలు చచ్చినవి. బీళ్లు దున్నబడినవి. కంచెలోపలి తునక సముద్రములో దీవివలె మిగిలినది.

మరియొక చిత్రము జరిగినది. కంచె వేసి కాపాడుటచే కృష్ణజింకలు విరివిగా పెరిగినవి. అవి రాత్రులందు చేలమీదబడి పైరును మేసినవి. పక్షికొరకు వచ్చిన కంచెను రైతు జింకలకొరకు వచ్చిన కంచెగా చూడసాగెను. తరతరములుగా పక్షితో కలసి మెలసి యున్న ఊరు, పక్షిపేరు చెప్పిన మొగము త్రిప్పుకొను స్థితి వచ్చినది. జింకను నిందింపను, రైతును నిందింపను. ఊరివారి పంటకు పూచీపడని రక్షణ యేదియు నిలువదని మాత్రము రోళ్లపాడు మనకు నేర్పుచున్నది.

నేడు ఈ పక్షికి మరియొక గండము దాపురించినది. అది విద్యుత్తు తీగ. బట్టమేక కన్నులు తలకు ఇరుప్రక్కల నున్నవి. నలుదిక్కుల శత్రువును కనిపెట్టుటకు అది మేలు. కాని ఎదుటనున్న దానిని చూచుట కష్టము. ఎగురునపుడు నేలను చూచుచు ఎగురును. తీగ కనబడునప్పటికి, ఆ బరువుతో ప్రక్కకు తిరుగుట సాధ్యము కాదు. రాజస్థాన గుజరాతులలో సూర్యశక్తి, గాలిమరల విద్యుత్తును మోసికొనిపోవు తీగలకు తగిలి పక్షులు చచ్చుచున్నవని డెహ్రాడూనులోని భారత వన్యప్రాణి సంస్థవారు చూపిరి. సుప్రీముకోర్టువారు 2021 ఏప్రిల్‌లో తీగలను భూమిలో పాతవలెనని ఆజ్ఞాపించిరి. అంతటి విశాలప్రదేశమున అది సాధ్యము కాదని ప్రభుత్వము విన్నవింపగా 2024 మార్చిలో ఆ యాజ్ఞను సడలించి, నిపుణులసంఘమునకు విషయమును అప్పగించిరి. బొగ్గుపొగ తగ్గుటయు ధర్మమే, పక్షి బ్రదుకుటయు ధర్మమే. రెండు ధర్మములు ఎదురుపడినపుడు తీర్పు సులభము కాదు.

ఆశకు తావులేకపోలేదు. జైసల్మేరు చెంత సమ్ అనుచోట 2019లో పక్షుల పెంపకకేంద్రము నారంభించి, బయట పెట్టిన గ్రుడ్లను సేకరించి పొదిగించిరి. పిదప రాందేవ్‌రాలో మరియొక కేంద్రము వెలసినది. 2024 అక్టోబరులో కృత్రిమగర్భధారణ పద్ధతిచే తొలిపిల్ల పుట్టినది. ఈ విధముగా పిల్లలు పెరుగుచున్నవి. కాని పెరిగిన పిల్లను ఎచ్చట విడువవలెను? కేంద్రములో పక్షిని పుట్టింపవచ్చునుగాని బీడును పుట్టింపలేము. అది ఉన్నచోటనే ఉండవలెను.

ఇప్పుడు నా యప్పు మాట. నేను పనిచేసిన బడులలో ఏటేట ‘బీడుభూములు’ అను వ్యాసము వ్రాయించెడివాడను. బీడు పనికిరాని నేలయనియు, దానిని దున్నుటయే దేశసేవయనియు పిల్లలచే చెప్పించితిని. అట్లు వ్రాసినవారికి పదింట తొమ్మిది మార్కులిచ్చితిని. 1991లో ఆ తెల్లనిమెడను కన్నులార చూచి వచ్చిన పిదపను అదే పాఠము చెప్పితిని. చూచినదానికిని చెప్పినదానికిని పొత్తు లేదని నాకు ఇరువదియేండ్లదాక తోపలేదు. నాయొద్ద చదివినవారిలో కొందరు నేడు అధికారులుగా నున్నారు. వారి కాగితములలోను బీడు అనగా బంజరే.

పండితుడను గనుక మాటనుగూర్చి యొక మాట చెప్పుదును. సంస్కృతమున శాద్వలమను పదము కలదు. పచ్చికతో నిండిన నేల యని దాని యర్థము. తెలుగున పచ్చికబయలు, బీడు, గరువు, చవుడు అని నేలకు ఎన్నియో పేర్లు. మన పెద్దలు ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణము చూచి పేరుపెట్టిరి. ఈ తేడాలన్నియు చెరపి అన్నిటికిని బంజరు అని యొకే పేరు వ్రాసినపుడు నేల కాగితముమీదనే మొదట చచ్చినది. కాసోవరి యడవిని నరికినచో లోకమునకు కనబడును. చెట్లు కూలుట ఎల్లరు చూతురు. బీడును దున్నినచో ఎవరికిని ఏమియు పోయినట్లు కనబడదు. పైగా అభివృద్ధివలె కనబడును. బట్టమేక నష్టమంతయు ఈ కనబడకపోవుటలోనే యున్నది.

దున్నుట పాపమని నేననను. 1833 నాటి గుంటూరు కరువులో అన్నములేక మన పూర్వులు రాలిపోయిరి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదపనే మన డెల్టా అన్నపూర్ణయైనది. నీరు రావలసిన నేలకు నీరు రావలసినదే. కాని ప్రతినేలయు వరిమడి కానక్కరలేదు. ఇంటిలో వంటయిల్లు ముఖ్యమని పెరటిని కూడ వంటయిల్లు చేయుదుమా?

కావున పెద్దలకు నా విన్నపములు మూడు. మీ యూరిలో మేతపోరంబోకు, గడ్డిబీడు ఎంత మిగిలియున్నదో పిల్లలకు చూపి దాని పేరు చెప్పుడు. గ్రామసభలో ఆ నేలమాట వచ్చినపుడు, అది పశువులకు మేతయనియు, వాననీరు ఇంకు చోటనియు, నేలపక్షులకు పుట్టిల్లనియు ఒక్కరైనను లేచి చెప్పుడు. గడ్డినేలలో చెట్లు నాటుటయు ఎల్లప్పుడు మేలు కాదని తెలియజేయుడు. వీధికుక్కలు చేలవెంటబడి నేలమీది గ్రుడ్లను తినకుండ కట్టడిచేయుడు. మన డెల్టాలో బట్టమేక లేదుగాని తీతువుపిట్ట కలదు; అదియు వట్టినేలమీదనే గ్రుడ్లుపెట్టును. రోళ్లపాడు గడ్డిలో వానకాలమున నేలనెమలియు కనబడెడిది. పెద్దపక్షిని పోగొట్టుకొన్నవారము చిన్నపక్షులయెడనైనను మెలకువ వహింపవలెను.

నా మనుమనికి తుదకు ఇట్లు చెప్పితిని: ఈకలున్నది పక్షి, ఎగురుట దాని గుణములలో ఒకటి మాత్రమే. వాడు బొమ్మలపుస్తకము మూసి, “అయితే బట్టమేకను చూడాలంటే ఎక్కడికి పోవాలి తాతయ్యా?” అనెను. జైసల్మేరునకు అని చెప్పితిని. రోళ్లపాడునకు అని చెప్పు దినము వాని మనుమల కాలమునకైనను రావలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాను.